ముక్కు మీది పిండి ముద్ద

"సపాతీ సిన్నదైపోనాది. పిండి ఇమానానికెట్టీసినావేటే?" అన్నాడు నా మొగుడు చినబాబు. ఎద్దేవాకే అన్నాడు గానీ నిజమే. ఆయనకు షుగరు. పదకొండేళ్లుగా తెల్లారగానే ఆ ఒక్క మనిషి కోసం పిండి పిసుకుతున్నాను. అందులోంచి ఉసిరికాయంత ముద్ద తీసి మా అమ్మాయి భారతికిచ్చాను.

మా ఊరి హైస్కూల్లో ఈ ఏడు విమానాల చదువు పెడుతున్నారు. పదిహేను సీట్లే. థర్మాకోల్‌తో విమానం చేసుకెళ్లి విసరాలి. రెండు విసుర్లలో ఒక్కసారైనా గీత దాటితే సీటు. దాటకపోతే, పదో తరగతి అవగానే భారతిని రొయ్యల కంపెనీకి తలలు తియ్యడానికి పంపుతానని చినబాబు మేస్త్రీకి మాటిచ్చేశాడు. "ఆడపిల్లకి ఇమానాలేటే? నువ్వు ఏడుతో ఆపీసినావు, నీకేటి తక్కువైనాది?" అన్నాడు. నేను ఆపలేదు. తమ్ముళ్లను ఎత్తుకోవడానికి ఆపించారు. ఆ మాట ఇరవై ఆరేళ్లుగా నా నోట్లోనే నానుతోంది.

నాలుగు రోజులు పెరట్లో అంట్లు తోముతూ చూశాను. విసిరిన ప్రతిసారీ విమానం ముక్కు పైకెత్తి, ఆగి, వెనక్కి కూలబడేది. నెత్తి మీద గంప వెనక్కి ఒరిగితే ముందువైపు బరువు సర్దుకోమా? "ముక్కు తేలికైపోనాదే, బరువెట్టు" అన్నాను. పిండి ముద్ద అంటించాక పెరడు దాటి పక్కింటి కోళ్ల మధ్య దిగింది.

ఆ బడిలోనే మధ్యాహ్న భోజనం వండే రాజకుమారిని నేను. పైనుంచి ఆఫీసర్లొస్తే వాళ్లకి టీలు పెట్టేదీ నేనే. అది ఏ కాగితంలోనూ లేని పని. "వంటోళ్లెవరూ గ్రౌండులోకి రావద్దు" అని విమానాలు విసిరే రోజు పొద్దున్నే సైన్సు మాస్టారు మురళీమోహన్ చెప్పారు. అందుకే టీ ట్రే పట్టుకుని వంట షెడ్డు గుమ్మంలోనే నిలబడ్డాను.

భారతి విసిరింది. ముక్కు పైకి లేచింది. ఆగింది. వెనక్కి కూలింది. పిల్లలు గొల్లుమన్నారు. విజయనగరం నుంచి వచ్చిన ట్రైనింగు మేడమ్ కాగితం మీద ఒక అడ్డగీత గీసింది.

భారతి దాన్ని పట్టుకుని గుమ్మం దగ్గరికి పరిగెత్తుకొచ్చింది. విమానం ముక్కు నున్నగా, తెల్లగా ఉంది.

"సారు తుడిసీసినారమ్మా!" అంది భారతి. "మేడమ్ ముందు అసయ్యంగా ఉంటాదని."

ఇంట్లో, బళ్లో నేను చేసిందేదీ ఎవరికీ కనబడదు. కనబడిన రోజున ఇలా తుడిచేస్తారు.

ట్రే కింద పెట్టాను. గుండిగలోంచి గుప్పెడు అన్నం తీసి, మెదుపుకుంటూ గ్రౌండులోకి నడిచాను. వేళ్లు కాలుతున్నాయి.

"ఏటి రాజకుమారీ, నీకేటి పని ఇక్కడ?" మాస్టారు అడ్డొచ్చారు.

"ముక్కు కాడ బరువు తీసీసినారు సారూ. అది మురికి కాదు."

మేడమ్ పెన్ను ఆగింది. "పెట్టనివ్వండి మాస్టారూ. ఇంకో విసురుంది కదా" అంది.

అన్నం ముద్ద ముక్కుకి అంటించాను. ఓ పిసరు గిల్లేసి, అరచేతిలో తూచి భారతికిచ్చాను.

"గట్టిగా ఇసరకే. మెల్లగా వొదిలీ."

మాస్టారు నా పక్కకొచ్చి పళ్లు కొరికారు. "టీలు సల్లారిపోతన్నాయి. ఎల్లు."

విమానం భారతి చేతిలోంచి జారింది. కాస్త ముక్కు దించి, గాలి మీద వాలి, గీత దాటి ఇంకా పోతూనే ఉంది.

"సల్లారనీండి సారూ" అన్నాను, తల తిప్పకుండా.