మెత్తని దవడలు

పనిబల్లకు బిగించిన వైసు అనే ఇనుప పట్టకారు దవడలు రెండూ విప్పి, వాటి పళ్ల సందుల్లో ఇరుక్కున్న ఇనుప రజనును ఇత్తడి కుంచెతో దులుపుతున్నాడు బిగింపు. కొట్టులోకి రాగానే మొదట చేసే పని అదే. చొక్కా విప్పి మేకుకు తగిలించడం కూడా దాని తర్వాతే. దులిపాక గుడ్డతో తుడిచి, ఎడమచేతి చూపుడువేలిని దవడ పొడవునా మెల్లగా నడిపించాడు. ఒకచోట ఏదో తగిలినట్టయింది. మళ్లీ కుంచె అందుకున్నాడు.

బిగింపు అనేది తల్లిదండ్రులు పెట్టిన పేరు కాదు. తుపాకులు బాగుచేసే ఆ కొట్టులో, గొట్టాన్ని వైసులో బిగించి పనిచేయడం ముప్పై నాలుగేళ్లుగా అతని వంతు. పక్కబల్ల మీద తుపాకీ మడమలు చెక్కే వడ్రంగి ఆ పేరు పెట్టాడు. ఎందుకని కొత్తవాళ్లెవరైనా అడిగితే, "ఆయనకి రెండు వైసులున్నాయి. ఒకటి బల్ల మీద, ఒకటి ముక్కు కింద. బల్ల మీదదైతే అప్పుడప్పుడూ విప్పుతాడు" అంటాడు. ఆ మాటకు అందరితోపాటు బిగింపు కూడా నవ్వుతాడు, పెదవులు విడకుండా.

యాభై ఎనిమిదేళ్ల మనిషి. వైసు పిడి లాగి లాగి కుడిభుజం రెండు వేళ్ల మేర కిందికి జారింది. వట్టి చేతులతో నడుస్తున్నా ఏదో బరువు మోసుకొస్తున్నవాడిలా కనిపిస్తాడు. గోళ్ల చుట్టూ ఎంత తోమినా పోని నల్లటి నూనె అంచు. తెల్లబడ్డ కనుబొమల మీద ఎప్పుడూ కాస్త ఇనుప దుమ్ము.

తొమ్మిది దాటాక కొట్టు యజమాని దుప్పటి చుట్టిన తుపాకీ ఒకటి తెచ్చి బల్ల మీద పెట్టాడు. పెద్ద యజమాని పోయి ఆయన కొడుకు కూర్చుని అప్పటికి అయిదేళ్లు. తుపాకీ గలాయన ఈమధ్యే పోయాడట. కూతురు దాన్ని ఇంట్లో పదిలంగా దాచుకుంటానంటోంది. గొట్టం అడుగున ఒక గీత ఉంది, అది కనబడకుండా అరగదీస్తే రేపు నల్లపూత వేసి ఇద్దామన్నాడు. అని, వెళ్లబోతూ వెనక్కి తిరిగి, "మీ బావగారి చేతి గుర్తే ఇది. నాన్న చెప్పేవాడు, అంతటి పనివాడు ఈ ఒక్క గీతతో మానుకున్నాడని" అన్నాడు.

బిగింపు తలూపాడు. దుప్పటి విప్పి గొట్టాన్ని కిటికీ వెలుగులో తిప్పాడు. చూడనక్కర్లేదు. ఆ గీత ఎక్కడ మొదలై ఎంత ఒంపు తిరిగి ఎక్కడ ఆగుతుందో అతనికి కళ్లు మూసుకున్నా తెలుసు. బెత్తెడు పొడవు, గోరు పట్టేంత లోతు. దాన్ని గీసింది అతను.

గొట్టాన్ని ఉక్కు దవడలకు నేరుగా అప్పగిస్తే పళ్లు దిగుతాయి. మధ్యన మెత్తనిది ఏదైనా వేయాలి. ఏది వేయాలన్నదే అసలైన పని. సొరుగు లాగాడు. తోలు అద్దిన జత పైనే ఉంది. తోలు మచ్చ పెట్టదు, కాని గట్టిగా పట్టదు. రుద్దుతుంటే గొట్టం జారుతుంది. రాగి రేకులు పట్టుకుంటాయి, పూత మీద మాత్రం ఎర్రటి చార వదులుతాయి. వాటి వెనక, సొరుగు మూలన, బూడిదరంగు సీసం జత. దాన్ని ముట్టుకోకుండానే సొరుగు మూసేశాడు.

పని నేర్పిన రోజుల్లో బావ చెప్పిన మొదటి పాఠం సీసం గురించే. "ఇది అన్నిటికన్నా మెత్తన. అందుకే దీన్ని నమ్మకు. ఏ రజను పడినా కడుపులో పెట్టుకుంటుంది, పైకి కనబడనివ్వదు. తర్వాత నువ్వు బిగించినప్పుడు అది గొట్టాన్ని గీస్తుంది." సీసం వాడేముందు ప్రతిసారీ పైపొర గీకి తీయాలి. లేదంటే మానుకోవాలి. బావ మానుకున్నాడు. ఏ గొట్టానికి ఆ గొట్టమే కొలిచి, రెండు చెక్కల మధ్య అట్టముక్క పెట్టి కలిపి బిగించి, సరిగ్గా ఆ లావుకే రంధ్రం తొలిచేవాడు. అట్టముక్క తీసేస్తే ఆ సందు మేరకు చెక్కలు గొట్టాన్ని చుట్టూ కరుచుకునేవి. జారకుండా కాస్త గుగ్గిలం పొడి. అంతే. తల్లి బిడ్డను పట్టుకున్నట్టు ఉండేది ఆ పట్టు.

బావ అంటే భార్యకు అన్న. మొదట ఆయన గురువు, తర్వాతే బావ. పని నేర్చుకునేటప్పుడు "ఒరే" అని పిలిచేవాడు. చెల్లెల్ని ఇచ్చిన మర్నాడు కొట్టులోకి వస్తూనే "ఏమయ్యా" అన్నాడు. ఆ రోజు వడ్రంగి తెగ ఏడిపించాడు, ఒక్క పూటలో 'ఒరే' పోయి 'అయ్యా' వచ్చిందని. బిగింపుకు మాత్రం ఆ 'ఒరే' పోయినందుకు లోపల ఎక్కడో వెలితిగా ఉండేది. ఎవరితోనూ అనలేదు.

ఎనిమిదేళ్ల కిందట ఒక మధ్యాహ్నం. బావ ఈ గొట్టానికే చెక్క దవడలు తొలిచి సిద్ధం చేసి, బిగించకుండానే భోజనానికి వెళ్లాడు. తుపాకీ నుంచి గొట్టాన్ని మర విప్పి తీయాలి. ఆయన వచ్చేలోగా తీసి చూపిస్తే మెచ్చుకుంటాడని బిగింపు అనుకున్నాడు. యాభై ఏళ్ల మనిషికి ఇంకా మెప్పు ఆశ. చెక్కలకు గుగ్గిలం చల్లాలి, గొట్టానికి నూనె లేకుండా తుడవాలి, అదంతా ఎందుకని చేతికందిన సీసం జత పెట్టి బిగించాడు. పైపొర గీకలేదు. మర విప్పే పిడి మీద బరువు వేయగానే మర కదలకుండా గొట్టమే దవడల్లో తిరిగింది. సన్నగా, ఎలుక కీచుమన్నంత చప్పుడు.

విప్పి చూసి, గీత మీద నూనె రాసి, గొట్టాన్ని బావ చెక్కల్లో పెట్టి, బావ బిగించే తీరులోనే బిగించి, చేతులు కడుక్కోవడానికి వెళ్లాడు. బావ రాగానే చెబుదామనే అనుకున్నాడు. తిరిగొచ్చేసరికి బావ వైసు దగ్గర ఉన్నాడు. గొట్టాన్ని తానే బిగించి భోజనానికి వెళ్లానని ఆయన అనుకున్నాడు. మర విప్పాడు, గొట్టం తీశాడు, తుడిచాడు, ఆగిపోయాడు. చెక్కల లోపల వేలు పెట్టి చాలాసేపు వెతికాడు. ఏమీ దొరకలేదు. అప్పుడు ఆయన తన చేతివేళ్లవైపు చూసుకున్న చూపు బిగింపు మూడడుగుల దూరం నుంచి చూశాడు. నోరు తెరిచాడు కూడా. ఈలోపే బావ గొట్టం పట్టుకుని పెద్ద యజమాని దగ్గరికి నడిచాడు.

"నా చేతిలో జరిగింది. చేతికి కన్ను పోయినట్టుంది" అన్నాడట. నెల తిరక్కుండా మానేశాడు.

మొదటిరోజు చెప్పి ఉంటే చీవాట్లతో పోయేది. వారానికి చెప్పి ఉంటే కొన్నాళ్లు మొహం చాటేసే సిగ్గుతో పోయేది. ఏడాది గడిచాక ఏమని చెప్పాలి? బావ గదిలోకి వాన కారితే బాగుచేశాడు. ఆస్పత్రికి మోసుకెళ్లాడు. బావ కాలిగోళ్లు కూర్చుని కత్తిరించాడు. సొంత తమ్ముడైనా ఇంత చేయడని వీధిలో వాళ్లు అన్నప్పుడల్లా ఆ ఎలుక కీచుమనేది. బావ మాత్రం ఆనాటి నుంచి పనిముట్టు ముట్టలేదు. తలుపు గొళ్లెం వదులైనా ఎవరినో ఒకరిని పిలిచేవాడు. కొట్టువాళ్లు పలకరించడానికి వస్తే చేతుల మీద తువ్వాలు కప్పుకుని కూర్చునేవాడు.

ఇప్పుడు ఆయన గుండె నీరుపట్టి మంచాన ఉన్నాడు. రోజులే అన్నారు ఆస్పత్రివాళ్లు. ఆయనకు ఇంక వేరే ఎవరూ లేరు. బిగింపు భార్య నాలుగు రోజులుగా అన్న దగ్గరే ఉంటోంది. ఈ గీత సాయంత్రానికి తీసేస్తే ఇక కంటికి కనబడే సాక్ష్యమంటూ ఉండదు. బావ కూడా పోతే, ఆ తప్పు ఎప్పటికీ ఆయనదిగానే మిగులుతుంది. బిగింపు మేకు నుంచి చొక్కా తీసి వేసుకున్నాడు.

"పదకొండైనా కాలేదు, ఎక్కడికి?" అన్నాడు వడ్రంగి.

"మాట్లాడొస్తా."

"నువ్వా?" అన్నాడు వడ్రంగి, ఉలి కింద పెట్టి.

రెండు వీధుల అవతల, మేడమెట్ల కింద బావ గది. భార్య కుళాయి దగ్గర గుడ్డలు పిండుతోంది. బావ దిండ్లకు ఆనుకుని కిటికీవైపు చూస్తున్నాడు. పాదాలు వాచి నున్నగా మెరుస్తున్నాయి. చేతులు తువ్వాలు కింద.

"ఏమయ్యా, ఈ వేళప్పుడు వచ్చావు?"

స్టూలు మీద కూర్చున్నాడు. తుపాకీ తిరిగొచ్చిందని చెప్పాడు. గీత తీయమన్నారని చెప్పాడు. బావ కళ్లు కిటికీ మీదే ఉన్నాయి. బిగింపు నేలవైపు చూస్తూ, ఊపిరి మధ్యలో తీసుకోకుండా అనేశాడు. "ఆ గీత మీది కాదు బావగారూ. మీరు భోజనానికి వెళ్లినప్పుడు నేను బిగించాను. జారింది. మళ్లీ మీ చెక్కల్లో పెట్టేశాను."

కుళాయి దగ్గర నీళ్ల చప్పుడు వినిపిస్తూనే ఉంది.

"దేంతో బిగించావు?"

"సీసం."

"గీకావా?"

"లేదు."

బావ చేతుల మీది తువ్వాలు కదిలింది. రెండు చేతులూ బయటికి తీసి, ముందు వెనక్కి, వెనక ముందుకి తిప్పి చూసుకున్నాడు, ఎవరివో అప్పుతెచ్చి ఇంట్లో పెట్టిన వస్తువులను చూసినట్టు. వేళ్లు ముడిచాడు, చాచాడు.

"అయితే ఇవి కావన్నమాట" అన్నాడు. కొంచెం ఆగి, "ఎనిమిదేళ్లు" అన్నాడు.

బిగింపు కాళ్లు పట్టుకోబోయాడు. బావ పాదం వెనక్కి లాక్కున్నాడు.

"లే. ఒరే, లేచి పనికి పో. అప్పటి చెక్కలు ఎండి పగిలుంటాయి, వాటిని వాడకు. కొత్తవి తొలువు. ఈసారైనా సీసం జోలికి పోకు."

ముప్పై ఏళ్ల తర్వాత విన్నాడు ఆ 'ఒరే'. అది కోపమో, పాత చనువో తెలియలేదు. అడిగే హక్కు తనకు లేదనుకుని లేచాడు. గుమ్మం దాటుతుంటే బావ కళ్లు మూసుకుని, బొటనవేలూ చూపుడువేలూ గుండ్రంగా కలిపి, గాలిలో గొట్టం లావు కొలుచుకుంటున్నాడు.

కొట్టుకు వచ్చి యజమానితో కూడా చెప్పాడు. ఆయన కాగితాల నుంచి తలెత్తి, "ఇప్పుడు ఎవరికి కావాలి పెద్దాయనా అదంతా? గీత పోతే చాలు" అన్నాడు. వడ్రంగి మాత్రం విన్నాడు. ఆ పూట ఇంక ఒక్క హాస్యమూ ఆడలేదు. అడగకుండానే ఒక గట్టి చెక్కముక్క కోసి తెచ్చి బల్ల మీద పెట్టి, చూపు తిప్పుకుని వెళ్లిపోయాడు.

బిగింపు చెక్కను రెండుగా చీల్చాడు. మధ్యన అట్టముక్క పెట్టి తొలిచాడు. లోపల వేలు నడిపించాడు. గుగ్గిలం చల్లి గొట్టాన్ని బిగించాడు. కదలలేదు. గరుకు కాగితం చెక్కబద్దకు చుట్టి రుద్దడం మొదలుపెట్టాడు. గీత ఒంపు తిరిగినచోట లోతెక్కువ. అక్కడ ఆగి ఆగి రుద్దాడు. మూడు గంటలకు గోరు పట్టడం మానేసింది. నాలుగున్నరకు చూపుకు కూడా దొరకలేదు. తెల్లగా మెరుస్తున్న ఇనుములో తన మొహం సాగిపోయి కనిపిస్తే గుడ్డ కప్పేశాడు.

అప్పుడే కొట్టు ఫోను మోగింది. యజమాని తీసి విని, బిగింపువైపు చూసి ఫోను చేతికిచ్చాడు. భార్య గొంతు నిలకడగా ఉంది. అన్నయ్య నిద్రలోనే వెళ్లిపోయాడని చెప్పింది.

గది చేరేసరికి ఇరుగుపొరుగువాళ్లు గుమ్మంలో ఉన్నారు. బావను చక్కగా పడుకోబెట్టి దుప్పటి కప్పారు. చేతులు మాత్రం దుప్పటి పైనే ఉంచారు. వేళ్ల మీద సన్నటి చెక్కపొడి ఉంది.

భార్య అతన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్లింది. మీరు వెళ్లగానే లేపి కూర్చోబెట్టమన్నాడని చెప్పింది. మంచం కింద పడున్న పాత కుర్చీకాలు తీయించి, పక్కింటివాళ్లను రంపం, ఆకురాయి, పెన్సిలు అడిగించాడట. కోసిపెట్టింది పక్కింటాయన, అరగదీసింది మాత్రం అన్నయ్యే. ఆయాసం వస్తే ఆగి మళ్లీ మొదలుపెట్టాడట. గుక్కెడు గంజి తాగమంటే చేయి ఖాళీ లేదన్నాడట.

"ఎనిమిదేళ్లలో అన్నయ్యని అట్లా చూళ్లేదండీ నేను. కాస్త నడుం వాలుస్తా, లేచాక రెండోది చేస్తానన్నాడు. మీరొచ్చి ఏం చెప్పారో గాని, ఈ ఒక్కపూట మనిషిలా బతికాడు. మీ రుణం ఎట్లా తీర్చుకోను?"

తను నోరు విప్పకపోతే ఆ మెప్పు మాట కూడా తనకే దక్కుతుంది. ఆమె బతికినన్నాళ్లూ అంటూనే ఉంటుంది. బిగింపు గుమ్మంలో ఉన్న మనుషులను చూశాడు, భార్య చేయి తన చేతిమీద ఉండటం చూశాడు.

"ఆ గొట్టం పాడుచేసింది నేను. మీ అన్నయ్య కాదు. ఇవాళే చెప్పాను" అన్నాడు.

ఆమెకు అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. తర్వాత చేయి తీసేసుకుంది. వెళ్లి అన్న తల దగ్గర నేలమీద కూర్చుని, ఆయన వేళ్ల మీది పొడిని కొంగుతో తుడవబోయి, ఆగి, అలాగే వదిలేసింది.

కిటికీ గట్టు మీద చెక్క దవడలకని కోసిన ముక్కలు రెండున్నాయి. ఒకటి పూర్తయింది. బిగింపు వంగి దాని లోపలి ఒంపులో చూపుడువేలిని ఈ చివర నుంచి ఆ చివరకు నడిపించాడు. ఎక్కడా ఏదీ తగల్లేదు. గొట్టం ఎదురుగా లేకుండా, ఎనిమిదేళ్ల కిందటి లావుకు, చేతి జ్ఞాపకంతో తీసిన ఒంపు అది. పక్కనున్న రెండో ముక్క ఇంకా చదరంగానే ఉంది, దాని మీద ఒక చివర నుంచి రెండో చివరకు, ఎక్కడా వణకని సన్నటి పెన్సిలు గీత.