ఇరవై అయిదో చుక్క

స్పందన గీసిన గ్రాఫులో ఒక్కో చుక్క ఒక్కో గెలాక్సీ. ఇరవై నాలుగు చుక్కలు గీతను అంటిపెట్టుకుని ఉన్నాయి. ఇరవై అయిదోది మాత్రం ఎక్కడో పైన ఒంటరిగా నిలబడింది. సాయంత్రం నాలుగింటికల్లా ఎమ్మెస్సీ ప్రాజెక్టు పంపాలి. "కొలత సరైనదని రుజువుంటే ఉంచు, లేకపోతే ఆ గెలాక్సీని తీసెయ్" అని గైడు తిరుపతయ్య గారు పొద్దున్నే ఫోనులో తేల్చేశారు.

ఆ రోజు రెస్టు కావడంతో తండ్రి ఎర్రయ్య క్వార్టర్లోనే ఉన్నాడు. రైలింజన్లు బాగుచేసే లోకోషెడ్డులో ఫిట్టరు.

"ఏటమ్మా, తిండి మానేసి ఆ చుక్కనే సూస్తన్నావు?"

"పెద్ద గెలాక్సీ దేన్ని చూసినా నడుమ ఒక బ్లాక్‌హోల్ ఉంటుంది నాన్నా. గెలాక్సీ ముందు అది ఆవగింజంత. దూరాన ఉన్న నక్షత్రాల మీద దాని పట్టు ఉండనే ఉండదు. అయినా ఆ నక్షత్రాలెంత జోరుగా తిరిగితే నడుమనున్నది అంత బరువు! రెండూ కలిసి పెరిగాయేమో అంటారు."

"అచ్ఛా! మరి ఈ చుక్కో?"

"ఇందులో నక్షత్రాలు నిదానం, బ్లాక్‌హోల్ ఏమో ఉండాల్సిన బరువుకి పదింతలు! ఇదిగో, ఒక్కో గెలాక్సీ వెలుగు గ్రాఫు ఒక్కో కాగితం మీదుంది. అందులో ఈ లోయ ఎంత వెడల్పైతే నక్షత్రాలది అంత జోరు. నేనే తప్పు కొలిచానేమో. నాలుగుసార్లు కొలిచాను."

"నువ్వు నలభైసార్లు కొలిసినా ఒకటే. షెడ్డులో చక్రం కొలిసినప్పుడు రెండోవాడికి మొదటోడి లెక్క సెప్పం. సెప్తే ఆడి సెయ్యీ అక్కడికే పోతాది. కాయితాలు నాకియ్యి, పేర్లు కనపడనీకు."

స్పందన ఆ గెలాక్సీదీ, మరో తొమ్మిదింటివీ కలిపి పది కాగితాల మీద పేర్లు కత్తిరించి, వెనక గుర్తులు పెట్టి, పేకముక్కల్లా కలిపేసింది. ఎర్రయ్య సన్నటి కొలతలు తీసే వెర్నియరు తీశాడు. అతను లోయల వెడల్పులు చెబుతుంటే భార్య నీలవేణి రాసింది.

"కూతురి పరీక్ష తండ్రి రాస్తన్నాడు!"

"పదో తరగతి తప్పినోణ్ణి కదే, ఇదైనా పాసవనీ."

ఒక కాగితం దగ్గర అతని చెయ్యి ఆగింది. "ఇది మరీ సన్నం." అది ఏదో తన మొహంలో కనిపించకుండా స్పందన అటు తిరిగింది.

తన లెక్కలూ తండ్రి లెక్కలూ పక్కపక్కన పెట్టి చూసుకుంది. అన్నీ వెంట్రుకవాసి తేడాలో కలిశాయి. సన్నదీ కలిసింది!

"నాన్నా! తప్పు నాది కాదు, ఆ గెలాక్సీయే అలా ఉంది!"

ఫోను చేసి చెబితే గైడు గొంతు కూడా లేచింది. "శభాష్! ఉంచు. ఎలా కొలిచారో, ఎవరు కొలిచారో కూడా రాయి."

ఎర్రయ్య ఉలిక్కిపడ్డాడు. "నా పేరే? షెడ్డులో సంతకం పెడితే జవాబుదారీ మాదే."

"ఇక్కడా అంతే నాన్నా."

"అలగైతే ఆ సన్నదాన్ని ఇలా తే. ఇంకోపాలి కొలుస్తాను."