తొట్టిలోంచి జవాబు

పొద్దున్నే షెడ్డు తలుపులు రెండూ బార్లా తెరవడం, తొట్టికి నిచ్చెన వేయడం, పైకి తేలిన ద్రాక్షతొక్కల్ని కాళ్ళతో మళ్ళీ రసంలోకి తొక్కడం. వైన్ పులిసినన్నాళ్ళూ ఆ ఇంట్లో కాఫీ కంటే ముందు జరిగే పని ఇదే. ఒకరు తొట్టిలో దిగితే ఒకరు బయట పీట వేసుకుని కూర్చుంటారు. "ఉన్నావా?" అని బయటివాళ్ళు అడుగుతూ ఉండాలి, "ఉన్నా" అని లోపలివాళ్ళు పలుకుతూ ఉండాలి. పులిసే ద్రాక్షలోంచి వచ్చే గాలికి రంగూ వాసనా ఉండవు, నిలబడ్డ మనిషిని నిలబడ్డట్టే పడేస్తుంది. జవాబు రాకపోతే నడుముకు కట్టిన తాడు పట్టి లాగెయ్యాలి.

వాళ్ళ వైన్‌లో మందులేవీ కలపరు. అన్నంలోకి మంచినీళ్ళలా దిగిపోయే ఎర్ర వైన్ అది. తాపీమేస్త్రీలూ, ఆసుపత్రి ఆయాలూ సీసాలు తెచ్చుకుని పట్టించుకెళ్తారు. ఇక తొట్టి సంగతంటారా, ఆ ఏడు ముందుగా ఎవరు తొక్కితే వాళ్ళ గొంతుతో మాట్లాడుతుంది, పులియడం ఆగేదాకా. వచ్చినవాళ్ళు పనిలో పనిగా దాన్నీ పలకరించి పోతారు.

ఈ ఏడు ఆలుమగలు ధర దగ్గర పోట్లాడుకున్నారు. నాలుగు డబ్బులు పెంచుదామని ఆవిడ. "ఇటుకలు మోసొచ్చినవాడు ధర అడక్కుండా సీసా చాపాలే," అని ఆయన. ఆయన మొండితనం అందరికీ తెలిసిందే. ఈవిడేం తక్కువ తినలేదు, మాట మానేసింది. మర్నాడు ఆయన తొట్టిలో దిగితే పీట మీద కూర్చుందే గాని అడగలేదు. అడక్కపోయినా ఆయనే "ఉన్నానులేవే" అంటూ వచ్చాడు. కాసేపటికి అదీ ఆగింది. అలిగాడనుకుంది. అలగడం ఆయనకు ఎన్నడూ చేతకాదని, ఇన్నేళ్ళ కాపురం తర్వాత, ఆ ఒక్క పూట మరిచిపోయింది.

ఆయన్ని కాటికి సాగనంపి వచ్చేసరికి తొట్టి ఆయన గొంతుతో మాట్లాడుతూనే ఉంది. తొట్టి పారబోయమని ఎవరూ అనలేదు. ఆవిడ పీట లాక్కుని కూర్చుంది, మరి లేవలేదు.

"ఏమయ్యా, ఉన్నావా?"

"ఉన్నానులేవే."

ఆ మాట విన్నప్పుడల్లా ఆవిడ గుండె తరుక్కుపోయేది. విన్న మరుక్షణం మళ్ళీ అడిగేది.

కూతురు కంచం తెచ్చి పక్కన పెట్టింది. "ఇంత తినమ్మా."

"ఉండవే, మీ నాన్న పలుకుతున్నాడు."

"పులియడం ఆగిపోతే ఈ గొంతూ ఆగిపోతుంది కదా. అప్పుడేం చేస్తావు?"

"అప్పటి సంగతి అప్పుడు."

కూతురు చీర ఎగ్గట్టి నడుముకు తాడు కట్టుకుంది. "తొక్కలు ఎండితే వైన్ పాడైపోతుంది. నాన్న కష్టం మట్టిపాలు కానివ్వను. నేను దిగుతా, నన్ను అడుగుతూ ఉండు. మర్చిపోవు కదా?"

"అదే పని మీద ఉన్నాగా," అంది తల్లి.

గాలికి ఆయన మాట చెదిరిపోతోందని అప్పటికే ఓ తలుపు మూసేసింది. ఆ సంగతి కూతురు గమనించలేదు.

"ఉన్నావా?"

"ఉన్నానమ్మా." "ఉన్నానులేవే."

అడిగిన ప్రతిసారీ రెండు గొంతులూ వచ్చాయి. తర్వాత ఒకటే వచ్చింది. ఆవిడకు కావలసింది ఆ ఒక్కటే కాబట్టి, రెండోది తగ్గిందన్న ఊహే రాలేదు. కళ్ళు మూసుకుని మళ్ళీ అడిగింది.

ఏ జవాబూ రాలేదు.

"ఏమయ్యా?"

ఈసారి అలిగాడనుకోలేదు. పడుతూ లేస్తూ నిచ్చెనెక్కి చూసింది. తొక్కల మీద కూతురు నిద్రపోతున్నట్టు ఒరిగిపోయి ఉంది.

ఎలా లాగిందో ఆవిడకే తెలియదు. అరచేతులు చీరుకుపోయాయి. వాకిట్లో పడుకోబెట్టి చెంపల మీద కొట్టగా కొట్టగా కూతురు దగ్గింది, కళ్ళు తెరిచింది.

"అమ్మా, నాన్న నాతో మాట్లాడాడు."

"ఏమన్నాడే?"

"'నేను పలుకుతున్నంతసేపూ మీ అమ్మ పీట మీంచి లేవదు, నేనిక పలకను' అన్నాడు."

తల్లి కూతుర్ని గుండెకు హత్తుకుని బావురుమంది. షెడ్డులో వైన్ ఇంకా బుడబుడమంటూనే ఉంది. పులియడం ఆగడానికి ఇంకా చాలా రోజులున్నాయి, అన్నాళ్ళూ వినాల్సిన గొంతు అది. కూతురి చెయ్యి వదలకుండానే ఆవిడ అటు తిరిగింది.

"పిల్ల బతికిందయ్యా. ఇప్పుడు పలకొచ్చు. ఒక్కసారి."

చాలాసేపు ఎదురుచూసింది. మొండిమనిషి, అన్న మాట తప్పలేదు.