కురచైన రికార్డు

రికార్డు కురచైపోయిందని మొదట కనిపెట్టింది నేనే. మా ఇంట్లో దాన్ని వినేది కూడా నేనొక్కణ్ణే కాబట్టి ఇందులో గొప్పేమీ లేదు.

అది ఒక అమెరికా ఆయన రాసిన సంగీతం. పోయిన శతాబ్దం మధ్యలో, పెద్ద యుద్ధం సద్దుమణిగాక రాశాడట. ఎనభై మంది దాకా ఒకచోట కూర్చుని వాయిస్తారు, ఒక్కరూ నోరు తెరిచి పాడరు. ఆయన పేరు అట్ట మీద ఉంది గానీ నాకు నోరు తిరగదు. ఆ అట్ట మీది ఫొటోలో గుండ్రటి కళ్ళజోడు పెట్టుకుని, ఎవరో పిలవకుండా ఇంటికొచ్చినట్టు ముఖం పెట్టి ఉంటాడు. మాస్టారూ నేనూ ఆయన్ని కళ్ళజోడాయన అనే పిలుచుకునేవాళ్ళం.

మాస్టారంటే బడిపంతులు కాదు. మా బట్టల మిల్లులో అద్దకం పనికి పెద్ద. నేను మగ్గాల షెడ్డులో జాబర్ని, అంటే మరమగ్గం మొరాయిస్తే దారికి తెచ్చేవాణ్ణి. ఏడో తరగతి మధ్యలో బడి మాని ఆ షెడ్డులోకి వెళ్ళినవాణ్ణి, ఇంకా బయటికి రాలేదు.

షెడ్డులో మాట వినపడదు. అన్ని మగ్గాలు ఒక్కసారి కొడుతుంటే పక్కవాడి చెవిలో నోరు పెట్టి అరిచినా ఊపిరి తగలడమే గానీ మాట తగలదు. అందుకని మేం పెదాలు చూసి మాట్లాడుకుంటాం. కొత్తలో అవస్థ, తర్వాత అదే భాష. షెడ్డు ఆ చివర నుంచి ఒకడు తిడితే ఈ చివర నుంచి ఇంకొకడు తిరిగి తిడతాడు. మధ్యలోంచి మేనేజరు చేతులు వెనక్కి కట్టుకుని నడిచిపోతున్నా ఆయనకి తెలియదు. తిట్టేది ఆయన్నే అయినా తెలియదు. మాకున్న సుఖం అదొక్కటే.

మాట సంగతి అలా ఉంచితే, మగ్గానికొచ్చిన జబ్బును మాత్రం చెవితోనే పట్టాలి. అంత మోతలోనూ ఒక్క మగ్గంలో, అడ్డదారాన్ని అటూ ఇటూ మోసుకెళ్ళే నాడెకి దెబ్బ సరిగా తగలక, పెట్టెలోకి తడబడుతూ వస్తుంటే, పక్కనుంచి నడుస్తుండగానే నాకు తెలిసిపోయేది. చెవుల్లో పెట్టుకోమని మిల్లువాళ్ళు స్పాంజి బిరడాలు పంచారు. జాబర్లెవరం పెట్టుకోలేదు. పెట్టుకుంటే పని తెలియదు, పని తెలియకపోతే ఉద్యోగం ఉండదు. ఆ సంగతి పంచినవాళ్ళకీ తెలుసు. పంచినట్టు మా చేత సంతకాలు మాత్రం పెట్టించుకున్నారు.

మాస్టారు ఇల్లు మారుతుంటే సామాను మోసిపెట్టడానికి వెళ్ళినప్పుడు ఆ సంగీతం మొదటిసారి విన్నాను. కుదుపులకి ప్లేయరు పాడైందేమో చూద్దామని ఆయన చేతికందిన రికార్డు పెట్టాడు. చుట్టిన పరుపు మీద కూర్చుని విన్నాను. నచ్చలేదు. ఎనభై మందిని కూర్చోబెట్టి ఒక్క పాటైనా తిన్నగా రానివ్వలేదేం మాస్టారూ, అన్నాను. ఆయన కోప్పడలేదు. రికార్డు మళ్ళీ మొదటికి పెట్టి, ఈసారి పాట కోసం చూడకు, ఎవరెవరు వస్తున్నారో ఎవరెవరు పోతున్నారో చూడు, అన్నాడు.

అలా చూశాక పట్టు దొరికింది. ముందు అడుగున లావు తీగల వాద్యాలు, బరువైనదేదో నేల మీద ఈడుస్తున్నట్టు మొదలవుతాయి. వాటి మీద ఒక క్లారినెట్టు, పొరపాటున వేరేవాళ్ళింట్లోకి వచ్చినవాడిలా బెరుగ్గా దిగుతుంది. దాన్ని ఎవరూ పొమ్మనరు, కూర్చోమనీ అనరు. తర్వాత ఇత్తడి బూరాలు తగువుకి దిగుతాయి. తగువు బాగా ముదిరినచోట, ఎవరికీ సంబంధం లేనట్టు, సన్నటి ఇనపచువ్వ మీద ఎవరో టింగుమని ఒక్క దెబ్బ కొడతారు. ఆ దెబ్బకి అంతా సిగ్గుపడ్డట్టు తగ్గిపోతుంది. అక్కణ్ణుంచి ఒక్కొక్కళ్ళే లేచిపోతారు. బూరాలు పోతాయి, డోళ్ళు పోతాయి, క్లారినెట్టు చెప్పకుండా పోతుంది. ఫిడేళ్ళు కూడా పోయి చివరికి ఒక్క ఫిడేలు మిగులుతుంది. అది పైకి, ఇంకా పైకి పోయి, ఒక్క స్వరం మీద నిలబడి, సన్నబడి సన్నబడి, ఎక్కడ ఆగిందో తెలియకుండా ఆగుతుంది.

ఆ చివర గురించి మేం కొన్నేళ్ళు వాదించుకున్నాం. ఆయన రంగులవాడు కాబట్టి, అది నల్లటి గుడ్డకి తెల్లటి అంచని ఆయన వాదన. ఎన్ని చెప్పినా చివర్లో కళ్ళజోడాయనకి మనుషుల మీద ఆశ ఉంది, అనేవాడు. ఆశా లేదు దోశా లేదు మాస్టారూ, అందరూ వెళ్ళిపోయారని తెలియక ఇంకా నిలబడి ఉన్న వెర్రివాడు వాడు, అనేవాణ్ణి. ఏమైనా ఆ చివర కోసమే ముందరిదంతా వినేవాణ్ణి. వారమంతా ఆ షెడ్డులో మోత తిన్న మనిషికి, అంత సన్నటి చప్పుడు ఈ లోకంలో ఒకటుందని తెలియడమే చాలు. నా బతుకులో నేను ఎవర్నీ అడగకుండా ఇష్టపడింది అదొక్కటే.

మాస్టారికి చూపు మందగించాక కూతురి ఇంటికి వెళ్ళిపోయాడు. ప్లేయరూ రికార్డూ నాకిచ్చి వెళ్ళాడు.

కురచైనట్టు ఎలా తెలిసిందంటే, సంగీతం అయిపోయాక సూది రికార్డు మధ్యకి చేరి, అక్కడ తిరుగుతూ టప్పు, టప్పుమని కొట్టుకుంటుంది. ఫిడేలు ఆగిన వెంటనే వచ్చే ఆ చప్పుడు రానురాను ఆలస్యంగా వస్తోంది. మధ్యలో ఖాళీ పెరుగుతోంది. అంటే చివర అరిగిపోతోంది. కొన్నాళ్ళకి మధ్యలో టింగు కూడా పోయింది.

మా ఆవిణ్ణి అడిగాను, తడిగుడ్డ పెట్టి తుడిచావా అని. దాని జోలికే పోలేదంది. దుమ్ము పట్టి పాడైందేమో, ఎందుకు తుడవలేదని దానికీ అరిచాను. ఆమె ఏదో గొణిగింది. గొణగొద్దు, నా వైపు తిరిగి చెప్పు అన్నాను. ఈ మధ్య ఆమెకి గొణుగుడు ఎక్కువైంది.

మా బావమరిదికి రేడియోలు, స్పీకర్లు బాగుచేసే కొట్టుంది. వాణ్ణి పిలిపించాను. సూది మార్చానన్నాడు. స్పీకరు మార్చి చూశాడు. రికార్డుని వెలుతురుకి పట్టి అటూ ఇటూ తిప్పాడు. చివరికి చేతులు దులుపుకుని, "రికార్డు శుభ్రంగా ఉంది బావా. చివరంటా ఉంది" అన్నాడు.

"పొద్దస్తమానం గరగరలు వినే చెవులు నీవి. నీకేం తెలుస్తుందిరా?"

"అవున్లే బావా. నువ్వు పూలతోటలో కదా పనిచేసేది."

నేను నవ్వాను. వాడు నవ్వలేదు. అక్కా తమ్ముడూ ఒకళ్ళ ముఖం ఒకళ్ళు చూసుకున్నారు. నా పిచ్చి చూసి సైగలు చేసుకుంటున్నారనుకున్నాను. రోజూ మగ్గాల జబ్బులు చెవితో పట్టేవాడికి, చెవి గురించి వీడా చెప్పేది అనుకున్నాను.

ఇక మాస్టారి దగ్గరే తేల్చుకుందామని ఒక ఆదివారం మధ్యాహ్నం బయల్దేరాను. ఆ రికార్డు ఆయన చేతిలో పెరిగింది, ఎక్కడేముందో ఆయనకి తెలుసు. ప్లేయరు మోయడానికి బావమరిది వచ్చాడు. మాస్టారి కూతుర్ని చూసి చాలాకాలమైందంటూ మా ఆవిడ కూడా వచ్చింది. ఈ సంగీతం మొదలవగానే ఏదో పని గుర్తొచ్చి వంటింట్లోకి పోయే మనిషి, ఎందుకొస్తోందో నాకు అర్థం కాలేదు.

మాస్టారు కిటికీ పక్కన పేము కుర్చీలో ఉన్నాడు. ముఖం మా వైపు తిప్పాడు గానీ చూపు మా దగ్గరికి రాలేదు. నేను కేసంతా చెప్పాను. టింగు పోయిందన్నాను, చివర తెగిందన్నాను, వీళ్ళిద్దరూ ఒప్పుకోవట్లేదన్నాను. పెట్టు విందాం, అన్నట్టు చెయ్యి ఊపాడు.

షెడ్డులో విన్నట్టే చెవులు రిక్కించి విన్నాను. లావు తీగలు ఉన్నాయి. క్లారినెట్టు ఉంది. మాస్టారి చూపుడువేలు కుర్చీ చేతి మీద మెల్లగా ఆడుతోంది. బూరాలు తగువుకి దిగాయి. టింగు రావాల్సిన చోటు వచ్చింది, పోయింది, ఏమీ రాలేదు. చూశావా అన్నట్టు బావమరిది వైపు చూశాను. అప్పుడే మాస్టారి వేలు లేచి, కుర్చీ మీద ఒక్కసారి గట్టిగా పడింది. అది చూశాను గానీ పట్టించుకోలేదు.

ఒక్కొక్కళ్ళే లేచిపోయారు. ఒక్క ఫిడేలు మిగిలింది. పైకి పోయింది. ఇంకొంచెం పోయింది. ఆగిపోయింది.

"చూశారా మాస్టారూ, తెగిపోయింది" అన్నాను.

మాస్టారు ఎడమచెయ్యి పైకెత్తి నన్ను ఆపాడు. కుడిచేతి వేలు మాత్రం కుర్చీ మీద, దారం వెంట పోతున్నట్టు నెమ్మదిగా కదులుతూనే ఉంది. అయ్యో అనుకున్నాను. కళ్ళు పోయాయి సరే, మతి కూడా పోయిందన్నమాట. నాకు నిజంగానే జాలేసింది. బావమరిదికి కన్ను గీటుదామని చూస్తే వాడు తల వంచుకుని నేలని చూస్తున్నాడు. మా ఆవిడ కొంగు చివర వేళ్ళకి చుట్టుకుని, తల కొంచెం పక్కకి వాల్చి కదలకుండా కూర్చుంది. మాస్టారి కూతురు మంచినీళ్ళ గ్లాసుల పళ్ళెంతో గుమ్మంలోనే ఆగిపోయింది.

అప్పుడు మాస్టారి వేలు ఆగింది. అదే క్షణాన మా ఆవిడ వేళ్ళు కొంగు వదిలాయి, గుమ్మంలో మాస్టారి కూతురు అడుగు లోపలికి వేసింది, బావమరిది తలెత్తాడు. షెడ్డులో కరెంటు పోతే మగ్గాలన్నీ ఒక్కసారి నిలిచిపోయినట్టు. వెంటనే సూది టప్పు, టప్పుమంది.

"ఏమీ తెగలేదోయ్. మొత్తం ఉంది" అన్నాడు మాస్టారు.

ఆ మాట నేను విన్నానో, ఆయన పెదాల మీద చూశానో నాకు తెలియలేదు. కళ్ళు మూసుకుని, ఏదైనా మాట్లాడమని మా ఆవిడతో అన్నాను. గోడ అవతల ఎవరో మాట్లాడుతున్నట్టు ముద్దగా వచ్చింది. ఆడగొంతని తెలిసింది, మాట తెలియలేదు. కళ్ళు తెరిచాక ఆమె పెదాలు కదులుతుంటే మాటలు మళ్ళీ మాటలయ్యాయి.

"ఎప్పట్నుంచి తెలుసు నీకు?"

"వంటింట్లోంచి పలకట్లేదని మీరు నా మీద కేకలేసినప్పట్నుంచి. నేను పలుకుతూనే ఉన్నాను."

మా బావమరిది దగ్గరికొచ్చి నా ముఖానికి ఎదురుగా నిలబడ్డాడు. షెడ్డులో పనిచేయనివాడు, అయినా పెదాలు బాగా విప్పి నెమ్మదిగా అన్నాడు. "సూది మార్చలేదు బావా. మార్చానని చెప్పానంతే. పాతది బాగానే ఉంది."

మాస్టారు చెయ్యి చాచి గాలిలో నాకోసం వెతికాడు. నేను అందుకోలేదు. ఆయనకి కనపడదు కదా, ఇవ్వకపోయినా గది అవతల ఉన్నాననుకుంటాడు.

తర్వాత చెవుల డాక్టరు నా రెండు చెవులకీ గొట్టాలు తగిలించి, గీత గీసిన కాగితం చూపించాడు. గీత కొంతదూరం తిన్నగా నడిచి, గోతిలో పడ్డట్టు కిందికి దిగింది. లావు చప్పుళ్ళు ఇంకా ఉన్నాయట, సన్నవి పోయాయట, పోయినవి రావట. మిషను పెట్టుకుంటే మాటలు కాస్త పెద్దవవుతాయి గానీ, నేను అడిగిన ఆ స్వరం ఉన్నచోట పెద్దవి చేయడానికి ఏమీ మిగల్లేదన్నాడు. మోతలో పనిచేయొద్దన్నాడు. ఎక్కడ పనిచేయమంటారు అని అడిగితే తర్వాతివాణ్ణి పిలిచాడు. మిల్లు ఆఫీసులో అడిగితే బిరడాల సంతకం చూపించారు. నా సంతకమే, ఎంత బాగా పెట్టానో. షెడ్డులోకే తిరిగి వెళ్ళాను. నాడె దెబ్బ లావు చప్పుడు కాబట్టి ఇంకా తెలుస్తోంది. అదీ పోయినరోజు గేటు దగ్గరే ఆపేస్తారు.

ఆదివారం ఆదివారం రికార్డు మాత్రం పెడుతున్నాను. ఇప్పుడు మా ఆవిడ వంటింట్లోకి పోవడం లేదు. పక్కన కూర్చుంటుంది. ఫిడేలు ఒంటరిగా మిగిలినప్పుడు అరచెయ్యి నా మోకాలి మీద పెడుతుంది. అది వినపడినంతసేపూ ఉంచి, ఆగగానే తీసేస్తుంది. నేనే అడిగాను అలా చేయమని. ఎలా ఉంది, అని అడిగితే సన్నగా ఉంది అంటుంది. ఇంకా? సన్నగా ఉంది, అంతే. నాకు తెలిసిన మాటలన్నీ ఆమె నోట్లో పెట్టి అనిపించాలని చూశాను. ఆమెకి వినపడుతుంది గానీ చెప్పడం రాదు. నాకు చెప్పడం వచ్చు. ఈ పంపకం ఎవరు చేశారో గానీ బాగా చేశారు. అయినా ఆ చెయ్యి బరువు ఉన్నంతసేపూ, ఇప్పుడు ఉంది, ఇంకా ఉంది, అనుకుంటూ కూర్చునేవాణ్ణి. ఎంతసేపుందో అయినా తెలిసేది.

మొన్న ఆదివారం చెయ్యి పెట్టింది. కళ్ళు మూసుకున్నాను. ఉంది. ఇంకా ఉంది. అంతలో టప్పుమంది. మళ్ళీ టప్పుమంది. సూది మధ్యకి చేరి కొట్టుకుంటోంది. అది లావు చప్పుడు, నాకు వినపడుతుందని ఆమెకి తట్టలేదు. చెయ్యి తీయలేదు. కొంచెం కళ్ళు తెరిచి చూస్తే, గోడ వైపు చూస్తూ కూర్చుంది, నాకు ఇంకొంచెం మిగిల్చి పెడుతున్నదానిలా. ఇన్నాళ్ళూ చెయ్యి మీదే ధ్యాస పెట్టి నేను ఆ టప్పుని పట్టించుకోలేదు, ఎన్నిసార్లు ఇలా చేసిందో, ఏ ఆదివారం చెయ్యి నిజమో, ఇక తెలిసే దారి లేదు.

చాలాసేపటికి చెయ్యి తీసి, నా వైపు తిరిగి, పెదాలు బాగా విప్పి అంది.

"ఇవాళ చాలాసేపు ఉందండీ."

అవునన్నాను. లేచి వెళ్ళి సూది ఎత్తాను.