పాస్టరమ్మ తిరకాసు

పెళ్ళయిన పంతొమ్మిదేళ్ళలో పాస్టరమ్మ నాలుగు ఊళ్ళలో కాపురం పెట్టింది, మూడు ఊళ్ళలో ఎత్తేసింది. నాలుగోది ఎత్తేయాలా వద్దా అన్నది ఈ ఆదివారం మధ్యాహ్నం ముప్ఫై ఎనిమిది మంది చేతులెత్తి తేల్చబోతున్నారు. అందుకే ఆవిడకు వారం రోజులుగా కూర్చుంటే నిలబడాలని, నిలబడితే నడవాలని ఉంది. పొయ్యి మీద పాలు పెట్టి కిటికీ దగ్గరకు వెళ్తుంది, తిరిగి వచ్చేసరికి పాలు పొంగిపోయి ఉంటాయి. ఆ వారంలో ఇంట్లో ఎవరూ మీగడ మొహం చూడలేదు.

వాళ్ళది బాప్టిస్టు మిషను కుటుంబం. సముద్రం దాటి వచ్చి, రెండేళ్ళు కూర్చుని ఈ దేశపు భాష నేర్చుకుని, సంఘం లేని ఊళ్ళో సంఘం పెట్టడం వాళ్ళ పని. పెట్టడం ఒక్కటే అయితే బాగానే ఉండేది. పెట్టిన సంఘం తన కాళ్ళ మీద నిలబడగానే దాన్ని ఇక్కడి మనిషికి అప్పజెప్పి, సామాను కట్టుకుని ఇంకో ఊరికి బయలుదేరాలి. అది మిషను నియమం. పాస్టరుకు మాత్రం అది నియమంలా ఉండదు. అసలే ఆయన కాలు ఒకచోట నిలవదు. కొత్త ఊళ్ళో వీధి వీధీ తిరిగి తలుపులు తట్టడం, అద్దె గది కోసం బేరాలాడటం, నలుగురు వస్తే నలభై మంది వచ్చినంత సంబరంగా ఇంటికొచ్చి చెప్పడం, ఇవీ ఆయనకు ఇష్టమైన పనులు. రిజిస్టర్లూ కమిటీలూ మొదలయ్యేసరికి ఆవులింతలు మొదలవుతాయి.

ఈ ఊళ్ళో సంఘానికి ఆరేళ్ళు నిండాయి. టైర్ల దుకాణం పైన మేడ గది అద్దెకు తీసుకున్నారు. కింద టైరుకు గాలి కొడుతుంటే పైన ప్రార్థనలో ఉన్నవాళ్ళ కుర్చీలు సన్నగా వణుకుతాయి. మూల ఒక పెద్ద ఫైబరు నీళ్ళ తొట్టి ఉంది, బాప్తిస్మాలు అందులోనే. వీళ్ళ బాప్తిస్మం చంటిపిల్లలకు ఇచ్చేది కాదు. ఎవరికి వారు బుద్ధెరిగాక వచ్చి అడగాలి, నిండా మునగాలి. మునిగి లేచినవాళ్ళందరికీ సంఘం వ్యవహారాల్లో సమానంగా మాట ఉంటుంది. డెబ్బై ఏళ్ళ రిటైర్డు నర్సు చెయ్యెత్తినా ఒకటే, మొన్న మునిగిన పదహారేళ్ళ పిల్ల చెయ్యెత్తినా ఒకటే. ఈ సంగతి చెప్పేటప్పుడు పాస్టరు గొంతు కాస్త పైకి లేస్తుంది.

శనివారం సాయంత్రాలు మాత్రం ఆ గది పాస్టరమ్మది. ఇరవై మంది దాకా కుర్రకారు వస్తారు. ఫ్యాక్టరీల్లో పనిచేసేవాళ్ళు, కాలేజీలో చదివేవాళ్ళు, ఏ పనీ లేక తిరిగేవాళ్ళు. వాళ్ళకు వాక్యం చెబితే తలలూపుతారు, మెట్లు దిగగానే మర్చిపోతారు. అది కనిపెట్టి ఆవిడ ఒక పద్ధతి పెట్టింది. తనే తప్పు పక్షం పట్టుకుని వాదిస్తుంది. క్లాసంతా కాపీ కొడుతుంటే మీరొక్కరే మడికట్టుకుని కూర్చుంటారా అంటుంది. పై అధికారి చెప్పిన చిన్న అబద్ధానికి వంత పాడితే ఏం పోయింది అంటుంది. ఎంత తియ్యగా అంటుందంటే సగం మంది పడిపోతారు. పడిపోనివాళ్ళు లేచి ఎదురు చెప్పాలి. చెబితే ఆవిడ ఒప్పుకుని చప్పట్లు కొడుతుంది. కుర్రకారు దానికి పాస్టరమ్మ తిరకాసు అని పేరు పెట్టారు, ఆ పేరు సంఘమంతా పాకింది.

తిరకాసులో అందరికంటే ముదిరింది గుండీల పిల్ల. చొక్కాల ఫ్యాక్టరీలో గుండీలు కుట్టే పని కాబట్టి ఆ పేరు. వచ్చిన కొత్తలో తన పేరు చెప్పమంటే నేలకేసి చూసేది. ఇప్పుడు పాస్టరమ్మ నోరు తెరవకముందే లేచి నిలబడుతోంది.

ఈ ఆదివారం తేలాల్సింది ఒకటే. ఫ్రిజ్ మెకానిక్‌ను సంఘం తన పాస్టరుగా పిలుచుకోవాలా, లేక ఇప్పుడున్న కుటుంబాన్నే ఇంకో మూడేళ్ళు ఉంచమని మిషనును అడగాలా. మెకానిక్ పగలంతా ఫ్రిజ్‌లు బాగుచేసుకుంటూ మూడేళ్ళ పాటు పాస్టరు దగ్గర బైబిలు చదువుకున్నాడు. పొట్టి ప్రసంగాలు చేస్తాడు. గోళ్ళలో నూనె మరకలతోనే వచ్చి రోగుల పక్కన కూర్చుంటాడు. అతనిలో వంక పెట్టడానికి పాస్టరమ్మ నిజాయితీగా ప్రయత్నించింది, ఏమీ దొరకలేదు.

ఆవిడకు ఈ ఊరు కావాలి. అంతే. నాలుగు ఊళ్ళలోకీ ఇక్కడే మొదటిసారి గోడకు మేకు కొట్టి అలమర బిగించింది. వాళ్ళ ఒక్కగానొక్క అమ్మాయికి ఇది ఆరో బడి, మొదటిసారి ఇంటికి స్నేహితురాళ్ళను తీసుకొస్తోంది. మళ్ళీ ఎవరూ ఎరగని వీధిలో, రాని నవ్వు మొహాన పులుముకుని తలుపులు తట్టే ఓపిక ఆవిడలో లేదు. ఈ మాట మొగుడితో అనలేదు. దేవుడి పనికి అడ్డం వచ్చినట్టు ఉంటుందని భయం. ఆయన సంగతి చూస్తే, అప్పుడే కొత్త ఊరి పటం భోజనాల బల్ల మీద పరిచాడు. గిన్నెలు పెట్టుకునే చోటు లేదు.

చివరికి పాస్టరమ్మ తన దారి తాను చూసుకుంది. సోమవారం నుంచి శనివారం దాకా, రోజుకు నాలుగైదు ఇళ్ళు. చేతిలో బిస్కెట్ల పొట్లం, నోట్లో ఏదో వంక. కుశలమడిగి, మంచినీళ్ళు తాగి, లేవబోతూ అప్పుడే గుర్తొచ్చినట్టు, మేము ఇంకో మూడేళ్ళుంటే మీకూ బాగుంటుందేమో కదా అని వదిలేది. అందరూ నవ్వారు. కాదన్నవాళ్ళు లేరు. గుండీల పిల్ల అయితే చెయ్యి పట్టుకుని మరీ నవ్వి, "మీరు అలాగే అంటారులెండి అమ్మగారూ," అంది. ఆవిడ దాన్ని కూడా ఔననే లెక్కలోనే వేసుకుంది. శనివారం సాయంత్రానికి లెక్క ఇరవై ఏడుకు వచ్చింది. ఇది చూస్తున్న అమ్మాయి, పదహారేళ్ళది, "నాన్నకు చెప్పవా?" అని ఒక్కసారి అడిగింది. ఆవిడ వినిపించనట్టు బీరువా సర్దింది.

ఆదివారం ఆరాధన అయ్యాక తలుపు మూసి సమావేశం మొదలుపెట్టారు. పాస్టరు ముందు నిలబడి, సమావేశం నడిపేది తానే కాబట్టి తాను చెయ్యెత్తనని, ఎవరి మొహమూ చూడకుండా ఎవరి మనసులో ఉన్నది వాళ్ళు చెప్పాలని అన్నాడు. ముందుగా, పాస్టరు కుటుంబం ఇంకో మూడేళ్ళు ఉండాలనుకునేవాళ్ళు చేతులెత్తండి అన్నాడు.

మొదటి వరసలో కూర్చున్న పాస్టరమ్మ చెయ్యి టక్కున లేచింది. వెనక్కి తిరగకుండా మొగుడి కళ్ళనే చూసింది. ఆ కళ్ళు వెనక వరసల దాకా వెళ్ళాయి, మెల్లగా ముందుకు వచ్చాయి, తన దగ్గర ఆగిపోయాయి. అప్పుడు తిరిగి చూసింది. గదిలో ఇంకో చెయ్యి లేదు. అందరూ ఒళ్ళో చేతులు పెట్టుకుని, నవ్వు ఆపుకుంటున్న మొహాలతో తననే చూస్తున్నారు. పాస్టరమ్మ చెయ్యి దించడం మర్చిపోయింది.

పాస్టరు "ఒకటి" అని కాగితం మీద రాసుకున్నాడు. మెకానిక్‌ను పిలుచుకుందామా అన్న రెండో ప్రశ్నకు ముప్ఫై అయిదు చేతులు లేచాయి. అమ్మాయి దేనికీ ఎత్తలేదు.

అప్పుడు మెకానిక్ లేచాడు. అతని మొహంలో నవ్వు లేదు. అమ్మగారికి ఉండాలని ఉంటే తాను ఆగుతానని, తనకు తొందరేమీ లేదని, కావాలంటే మళ్ళీ చేతులెత్తించమని అన్నాడు. వెనక కొన్ని తలలు ఊగాయి. గుండీల పిల్ల అతన్ని కూర్చోమని సైగ చేసి తను లేచింది.

"అమ్మగారూ, వారం నుంచి మా ఇళ్ళకొచ్చి మీరు అడిగింది తిరకాసే కదా? మేమందరం అలాగే అనుకుని గట్టిగా నిలబడ్డాం. కాదంటే చెప్పండి, ఇప్పుడే మార్చేస్తాం."

వాళ్ళ నవ్వులకు అర్థమేమిటో పాస్టరమ్మకు అప్పుడు బోధపడింది. వాళ్ళకు తను కావాలో అక్కర్లేదో అసలు లెక్కలోకే రాలేదు. తనే నేర్పిన పాఠం తనకే అప్పజెప్పారు. కాదు అని ఒక్క ముక్క అంటే చాలు, ముప్ఫై అయిదు చేతులూ లేస్తాయి. అలమర గోడకే ఉంటుంది, అమ్మాయి ఆ బడిలోనే ఉంటుంది. తన మొహం చూసి లేచే చేతులు. మెకానిక్ మళ్ళీ వెనక వరసలో కూర్చుంటాడు. నేలకేసి చూసే రోజుల నుంచి ఇంతదాకా వచ్చిన పిల్ల, మళ్ళీ అమ్మగారి ఇష్టమేమిటో కనుక్కుని మాట్లాడటం మొదలుపెడుతుంది. ఆవిడ లేచి నిలబడింది.

"తిరకాసే," అంది. "అందరూ నెగ్గారు."

గది గొల్లుమంది. చప్పట్లు కొట్టారు, మెకానిక్ వీపు తట్టారు. రిటైర్డు నర్సు వచ్చి, ఎంత గడుసుదానివమ్మా అని బుగ్గ పుణికింది. దేవుడి ఆరాధన జరిగే గదిలో ఆవిడ ఆడిన మొదటి అబద్ధం అది. అంతమంది సంతోషం మధ్య ఆవిడ ఒక్కతే దిక్కులు చూస్తూ నిలబడింది.

జనం వెళ్ళిపోయాక మొగుడూ పెళ్ళాం కుర్చీలు ఒకదాని మీద ఒకటి పేర్చసాగారు. పాస్టరు ఉత్సాహం పట్టలేకపోతున్నాడు.

"భలే పరీక్ష పెట్టావే. నాతో కూడా చెప్పలేదు చూడు."

"తిరకాసు కాదండీ అది," అంది పాస్టరమ్మ. "నిజంగానే అడిగాను. నిజంగానే చెయ్యెత్తాను."

ఇది కూడా తిరకాసే అనుకుని ఆయన నవ్వబోయాడు. ఆవిడ మొహం చూసి ఆగిపోయాడు. మరి వాళ్ళతో అలా ఎందుకన్నావని అడిగాడు. కాదంటే నాకోసం చేతులెత్తేవాళ్ళు, ఆరేళ్ళ మన చాకిరీ నీళ్ళపాలయ్యేదని చెప్పింది.

"నాతో అయినా అనొచ్చుగా."

"మీరు అడిగితే కదా? నిన్నగాక మొన్న తొట్టిలో మునిగిన పిల్లను కూడా పిలిచి నీ మనసులో ఏముందమ్మా అంటారు. నాచేత మూడుసార్లు సామాను కట్టించారు. ఒక్కసారి అడిగారా?"

పాస్టరు చేతిలో కుర్చీ అలాగే ఉండిపోయింది. కింద ఎవరో టైరుకు గాలి కొట్టించుకుని వెళ్ళిపోయారు. ఇప్పుడు అడుగుతున్నానని ఆయన మెల్లగా అన్నాడు.

"నన్నొక్కదాన్నే అడిగితే చాలదు," అంది ఆవిడ. "కొత్త ఊరు ఇక్కడికి బస్సులో రెండు గంటలు. మీరు వారానికోసారి వచ్చి పోతుండొచ్చు. మేమిద్దరం ఇక్కడే ఉండి, వెనక వరసలో కూర్చుని, మెకానిక్ చెప్పింది వినొచ్చు. లేదా ముగ్గురం వెళ్ళొచ్చు. అమ్మాయిని కూడా పిలవండి. ముగ్గురం కూర్చుని తేల్చుకుందాం."

అమ్మాయి మెట్ల మీద కూర్చుని వాళ్ళ కోసం చూస్తోంది. పాస్టరు కుర్చీ దించి తలుపు వైపు నడిచాడు. మనుషుల్ని లెక్కపెట్టడం ఆయనకు కొత్త కాదు. ముగ్గురిలో తనవైపు తనొక్కడేనని, ఓడిపోతానని తలుపు చేరేలోపే తెలిసిపోయింది. గుమ్మానికి చెయ్యి ఆనించి కాసేపు నిలబడ్డాడు. తర్వాత అమ్మాయిని పిలిచాడు.