సుడిగాలి చివరి విడత

సుడిగాలిని ఆపేస్తున్నారన్న కబురు పొక్కగానే పార్కులో ఇసుక వేస్తే రాలనంత జనం. పట్టాల మీద ఎత్తుకెక్కి, తలకిందులై, గుండె నోట్లోకి వచ్చేలా కిందికి దూకే ఆ రైడంటే ఊరందరికీ ప్రాణం. చిన్నప్పుడు దానిమీద గుక్కపట్టి ఏడ్చినవాళ్ళు ఇప్పుడు తమ పిల్లల్ని వెంటేసుకొచ్చి వరసలో నిలబడ్డారు.

ఆ ఊళ్ళోని ఇద్దరు అక్కచెల్లెళ్ళలో అక్క పని ఆ రైడు దగ్గరే. ఎక్కినవాళ్ళ ఒడిమీదికి కడ్డీ దించడం, గట్టిగా లాగి చూడడం, మీట నొక్కడం. ఆ ఉద్యోగం ఆమెకు ఊరికే రాలేదు. చెల్లెలు కాలేజీలో చేరిన కొత్తలో జనం పెద్దగా లేని ఒక రోజు కడ్డీ ఊడి ఇదే రైడు మీంచి పడింది. ప్రాణమైతే దక్కింది గాని, నడుం కిందంతా చచ్చుబడిపోయింది. పార్కువాళ్ళు ఇంటికొచ్చి, "పెద్దమ్మాయికి ఉద్యోగం ఇస్తాం, సంగతి మాత్రం గడప దాటనివ్వకండి" అన్నారు. నాన్న తలూపాడు. ఆయన పోయాక ఆ మాట కూడా ఇంటితోపాటు అక్కకే మిగిలింది.

"ఆఖరిరోజు నన్నూ తీసుకెళ్ళవే" అంది చెల్లెలు.

"దాన్ని చూసి ఏం చేస్తావు?"

"ఏం చేస్తాను? అందరూ సాగనంపడానికి వస్తున్నారుగా. నాకంటే దగ్గరి చుట్టం ఎవరున్నారు దానికి?"

అక్కకు నవ్వు రాలేదు. అయినా తీసుకెళ్ళింది. చక్రాల కుర్చీని కటకటాల పక్కన నీడలో ఆపి, తను పైకెక్కి తన చోట నిలబడింది.

సాయంత్రం చివరి విడత ఎక్కబోయే ముందు మేనేజరు మైకు పట్టుకున్నాడు. "ఇన్నేళ్ళలో మన సుడిగాలి ఒక్కరి ఒంటిమీద కూడా గీత పడనివ్వలేదు" అన్నాడు గద్గదంగా. చప్పట్లు మోగిపోయాయి. కొందరు కళ్ళొత్తుకున్నారు. "మా పాత ఉద్యోగి రెండు ముక్కలు చెబుతారు" అంటూ మైకు అక్క చేతిలో పెట్టాడు.

కింద చెల్లెలు రెప్ప వెయ్యకుండా చూస్తోంది.  అక్క మైకు నోటిదాకా తెచ్చింది. రోజూ చెప్పే మాటే బయటికొచ్చింది.

"అందరూ కడ్డీలు గట్టిగా పట్టుకోండి."

జనం అదేదో చమత్కారం అనుకుని విరగబడి నవ్వారు. అక్క మీట నొక్కింది.

రైడు ఆగి అందరూ దిగాక ఆమె కిందికొచ్చింది. చెల్లెలు పక్కనున్న పిల్లల తల్లితో మాట్లాడుతోంది. ఆ తల్లి ముఖం నిండా జాలి, జాలి వెనక అనుమానం. అక్క ఒంటిమీద పార్కు చొక్కా చూసి ఇటు తిరిగింది.

"ఏమ్మా, ఈ అమ్మాయి దీనిమీంచే పడ్డానంటోంది. నిజమేనా? ఇందాక ఆయన అలా చెప్పారే."

నాలుగడుగుల అవతల మేనేజరు ఎవరితోనో ఫొటో దిగుతున్నాడు.

"నాకు తెలీదండీ" అంది అక్క. "నేను తర్వాత చేరాను."

ఆ తల్లి చెల్లెలి భుజం తట్టింది. "వేరే ఎక్కడో అయ్యుంటుందిలే, పాపం" అని పిల్లల్ని తోలుకుంటూ వెళ్ళిపోయింది.

 ఇల్లు చేరి తలుపు తీస్తూ అక్క అంది, "అవునని చెబితే ఉద్యోగం ఊడేది. నీకు తెలుసుగా."

"తెలుసు."

"తెలిస్తే మరి మొహం అలా పెట్టావేం?"

"మైకులో చెప్పనందుకు నాకేం లేదే. అంతమందిలో నాకైనా నోరు పెగలదు." చెల్లెలు తన కుర్చీని అక్క వైపు తిప్పుకుంది. "నేనెవరో తెలీనట్టు నిలబడ్డావు చూడు. అది నాన్న కూడా చెయ్యలేదు."

 అక్క కుర్చీని గడప దాటించి తలుపు వేసింది.

వారం తిరక్కుండానే క్రేన్లు వచ్చి పట్టాలు పీకడం మొదలుపెట్టాయి. అక్కను పిల్లల రైలు దగ్గర వేశారు. ఇంట్లో చెల్లెలు ఎప్పట్లాగే నీళ్ళడుగుతుంది, టీవీ చూసి నవ్వుతుంది, పక్కవాళ్ళ కబుర్లూ చెబుతుంది. కాని పొద్దున్నే కుర్చీలో కూర్చోబెట్టడానికి అక్క చేతులు చాపితే మాత్రం వద్దంటుంది. పక్కింటావిడ తన పనంతా ముగించుకుని వచ్చి లేపేదాకా, గోడవైపు తిరిగి, అలాగే పడుకుని ఉంటుంది.