మూడో జాడింపు నీళ్ళు

ఇంకా నాలుగు బెంచీలున్నాయి, అంటే నా దాకా రావడానికి పావుగంట, కాదు, నా ముందు బెంచీలో అపార్ట్‌మెంట్ వాచ్‌మన్‌గా చేసే ఆ తమ్ముడు నోరు తెరిస్తే అరగంట, టీచరమ్మ ఒక్కొక్కరి దగ్గరా ఆగి సైన్స్ ఫెయిర్‌కి ఎవరేం చేస్తున్నారో రాసుకుంటోంది, పర్యావరణం మీదే ఉండాలట, ఇవాళ ప్రాజెక్టు చెప్పకపోతే పదో తరగతి పరీక్షకి కూర్చోనివ్వరట, యాభై ఎనిమిదేళ్ళకి నాకీ గండం అవసరమా, చేతిలో కాగితం చెమటకి మెత్తబడిపోయింది, ఓజోన్ పొర, రెండు ఆదివారాలు కూర్చుని లైబ్రరీ పుస్తకంలోంచి ఒక్క అక్షరం వదలకుండా దించాను, ఒత్తులు ఎక్కడివక్కడ, అత్తయ్యా మీ దస్తూరీ నాకంటే బాగుంది అంది కోడలు, ఇంతకీ ఇందులో ఏముంది అని కూడా అడిగింది, పొయ్యి మీద పాలు పొంగుతున్నాయన్నట్టు లేచి వెళ్ళిపోయాను.

ఆయన ఉన్నప్పుడు ఈ బాధ లేదు, హోటల్ లాండ్రీలో ఇద్దరం ఒకే తొట్టి దగ్గర పనిచేసేవాళ్ళం, డబ్బాల మీద ఉన్నది ఆయన చదివేవారు, నేను తలూపేదాన్ని, ఆయన పోయి పనిలోకి తిరిగి వెళ్ళిన మొదటి వారమే రెండు తెల్ల డబ్బాల్లో ఏది ఏదో తెలియక నీలం కర్టెన్ల మీద బ్లీచింగ్ పోశాను, కర్టెన్ల నిండా తెల్లమచ్చలు, డబ్బా మీద చూసుకోలేదా అని ఓనరు అడిగితే కళ్ళు తిరిగాయండీ అన్నాను, చదువు రాదని చెప్పడం కంటే జబ్బుందని చెప్పడమే తేలికనిపించింది, ఆ నెలలోనే ఈ పెద్దల బడిలో అక్షరాల క్లాసులో చేరాను, నాలుగేళ్ళకి పదో తరగతి దాకా వచ్చాను, అయినా చూడు, ఇప్పుడు కూడా చేతిలో ఉన్నదేమిటో తెలియకుండానే పట్టుకుని కూర్చున్నాను.

నాది చెత్త అండీ టీచర్ అంటున్నాడు వాచ్‌మన్ తమ్ముడు, ఏ అంతస్తు నుంచి ఏం కిందికొస్తుందో నెలపాటు రాస్తాను, మూడో అంతస్తు డాక్టరుగారైతే ఇప్పటినుంచే నన్ను చూసి సంచీ దాచుకుంటున్నాడు, అందరూ నవ్వారు, నువ్వేంటక్కా అన్నాడు నా వైపు తిరిగి, నీ సంగతి చూసుకో తమ్ముడూ అన్నాను, అంతలో టీచరమ్మ వచ్చేసింది, నా కాగితం తీసుకుంది, ముత్యాల్లా రాశారమ్మా, కానీ ఇక్కడ నాలుగో పటం చూడండి అనుంది, ఆ పటం ఏదీ, పుస్తకంలో ఉండిపోయిందమ్మా అన్నాను, కాగితం వెనక్కి తిప్పింది, అడుగున మూడవ ముద్రణ అనీ, ప్రెస్సు అడ్రసూ, అదీ దించేశాను, అక్కా ప్రెస్సు కూడా పెట్టావా అన్నాడు తమ్ముడు, నవ్వుల్లో నా నవ్వు కూడా కలిసిపోయింది, మెడ మాత్రం సెగలు కక్కుతోంది.

టీచరమ్మ నా పక్కనే కూర్చుంది, మీకు ఇది అర్థమయిందా అమ్మా అంది మెల్లగా, తలనొప్పిగా ఉందమ్మా అనే మాట నాలిక చివరిదాకా వచ్చింది, లేదమ్మా అన్నాను, పోనీ మీ పనిలో ఇదేమిటబ్బా అని ఎప్పుడైనా అనిపించిందా అంది, అనిపించకేం, ఒక్కో విడత దుప్పట్లు మూడుసార్లు జాడిస్తాం, మొదటి నీళ్ళు మురికి, రెండోవి నురగ, మూడోవి ఎంత తేటగా ఉంటాయంటే కాలవలోకి వదలబుద్ధి కాదు, ఆ నీళ్ళలోనే తర్వాతి విడత నానబెడితే ఏమవుతుంది, తెల్ల దుప్పట్లు పచ్చబడతాయంటాడు ఓనరు, ఎప్పుడూ చేసి చూసింది లేదు, మరి మీరేమంటారు అంది టీచరమ్మ, తెలీదమ్మా అని తల దించుకున్నాను.

అదే రాయండి అంది, తెలియనిదా అన్నాను, తెలిసిపోయినదానికి ప్రాజెక్టెందుకమ్మా, రెండు పాత దుప్పట్లు తీసుకోండి, ఒకటి కొత్త నీళ్ళలో, ఒకటి ఆ మూడో నీళ్ళలో, నెలపాటు రోజూ నానబెట్టి ఉతకండి, పచ్చబడితే పచ్చబడిందని రాయండి, పచ్చబడితే నేను తప్పినట్టు కాదా అన్నాను, కాదు, ఓనరు మాట నిజమో కాదో మీరు చేసి చూసినట్టు అంది, నా పేరు రాసుకుని వెనక బెంచీకి వెళ్ళిపోయింది, అంతే, అయిపోయింది, భుజాలు వాటంతటవే దిగాయి, తడి దుప్పటి బరువు దించుకున్నట్టుంది, నెల తర్వాత ఏమొస్తుందో నాకు తెలీదు, తెలీదని ఇంతమంది ముందు పైకే చెప్పాను, చెప్పినా నన్ను కూర్చోనిచ్చారు.